బోర్డు మీద టీబీ పోయింది, వాడలో దగ్గు పోలేదు

"నాట్ డిటెక్టెడ్" అని చదివాడు పదో తరగతి పిల్లగాడు. "నీకేం లేదంట మామా" అన్నాడు. ఇంటిల్లిపాదీ సంతోషపడ్డారు. మూడు నెలలుగా దగ్గుతున్న ఆ క్వారీ కూలి కాగితాన్ని మడిచి వాసం సందున దోపి, మర్నాడు సుత్తి పట్టుకుని పనికి పోయాడు.

నెలన్నర తర్వాత మేము ఆ వాడకు పోయాం. మనిషి మంచంలో ఉన్నాడు. చిన్న కూతురు కూడా దగ్గుతోంది. కాగితం తీయించి చూశాం. దాని మీద రెండు లైన్లున్నాయి. మొదటి లైను: ఎంటీబీ డిటెక్టెడ్. అంటే తెమడలో టీబీ క్రిమి దొరికింది. రెండో లైను: రిఫ్ రెసిస్టెన్స్ నాట్ డిటెక్టెడ్. అంటే ఆ క్రిమి రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు లొంగుతుంది. పిల్లగాడు చదివింది రెండో లైను. జబ్బుందని చెప్పే కాగితమే జబ్బు లేదని ఆ ఇంటిని నమ్మించింది.

ఇందులో పిల్లగాడి తప్పేముంది? ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టి, ఒక్క ముక్క తెలుగులో చెప్పకుండా పంపినవాళ్ళది తప్పు. ఫోను చేసి పిలుస్తామన్నారంట. నంబరు ఎవరిది రాసుకున్నారో, పిలుపు రాలేదు. ఆ ఊరి పంచాయతీ ఆఫీసులో మాత్రం "టీబీ రహిత గ్రామం" అనే సర్టిఫికెట్ అద్దం కట్టించి గోడకు పెట్టారు. మేము అడిగేది ఒక్కటే. టీబీ ఎవరికి పోయింది? గోడకా, మనిషికా?

బొమ్మ ఎట్లా వస్తుంది?

టీబీ ముక్త్ పంచాయతీ అనే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2023 మార్చి 24న మొదలుపెట్టింది. ఏడాదిలో వెయ్యి జనాభాకు కనీసం 30 మందికి పరీక్షలు చేయాలి. దొరికిన రోగులు వెయ్యికి ఒకరు, లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. మందులు వాడినవాళ్ళలో నూటికి 85 మంది బాగుపడాలి. ఇంకా కొన్ని షరతులున్నాయి. అన్నీ నెగ్గితే మొదటి ఏడు కంచు, రెండో ఏడు వెండి, మూడో ఏడు బంగారు రంగు గాంధీ బొమ్మ ఇస్తారు.

పరీక్షలు చేయమనడం మంచిదే. మేము కాదనం. కానీ ఆ 30 మంది ఎవరు? క్యాంపు ఎక్కడ పెట్టారు? ఊరి నడుమ రచ్చబండ దగ్గర పొద్దున 10 గంటలకు పెడితే వచ్చేదెవరు? కూలోళ్ళు అప్పటికి చేలో ఉంటారు, క్వారీలో ఉంటారు, ఇటుక బట్టీలో ఉంటారు. ఊళ్ళో తిని కూర్చున్న 30 మంది ఉమ్మి తీసుకుపోతే లెక్క నిండుతుంది. జబ్బు మాత్రం దొరకదు. పైగా రోగి దొరికితే బొమ్మ పోతుంది, దొరక్కపోతే బొమ్మ వస్తుంది. ఇట్లాంటి లెక్కలో కష్టపడి వెతికేవాడెవడు? వెతకని చోట జబ్బు లేదనడం, కళ్ళు మూసుకుని పొద్దు గుంకిందనడం రెండూ ఒకటే.

2025 కల్లా టీబీని అంతం చేస్తామని 2018లో ఢిల్లీలో ప్రకటించారు. ఆ గడువు దాటింది. ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు మంది ఇంకా మన దేశంలోనే ఉన్నారు. అందుకే మనోళ్ళు పరీక్షల సంగతి తామే తెలుసుకోవాలి. ఏ పరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పలేదు అన్నది డాక్టర్ల రహస్యమేమీ కాదు.

జల్లెడ వేరు, తీర్పు వేరు

స్క్రీనింగ్ అంటే జల్లెడ పట్టడం. రెండు వారాలు దాటిన దగ్గుందా, సాయంత్రం పూట జ్వరం వస్తోందా, బరువు తగ్గావా, రాత్రి చెమటలు పడుతున్నాయా, తెమడలో నెత్తురు పడిందా అని అడగడం మొదటి జల్లెడ. ఛాతీ ఎక్స్-రే రెండో జల్లెడ. జల్లెడలో నిలిచిందంతా జబ్బు కాదు, కిందికి జారిందంతా ఆరోగ్యమూ కాదు.

దగ్గు లేనోళ్ళకు ఎక్స్-రే ఎందుకంటారా? 2019 నుంచి 2021 దాకా దేశమంతటా టీబీ సర్వే జరిగింది. ఎక్స్-రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఊరుకుని ఉంటే, తేలిన రోగుల్లో నూటికి 42 మందికి పైగా తప్పిపోయేవాళ్ళు. లక్షణాలున్న వాళ్ళలో నూటికి 64 మంది అసలు ఏ ఆసుపత్రికీ పోలేదని కూడా ఆ సర్వేలోనే తేలింది. పోతే కూలి పోతుంది, ఆ పూట పొయ్యి వెలగదు. ఇది అజ్ఞానం కాదు, ఆకలి లెక్క.

ఎక్స్-రేలో కనిపించేది నీడ. ఆ నీడ టీబీ కావచ్చు, నిమోనియా కావచ్చు, ఎప్పుడో మానిపోయిన పాత మచ్చ కావచ్చు. క్వారీలో, పలుగురాళ్ళ మిల్లులో పనిచేసినోళ్ళకు ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుని వచ్చే సిలికోసిస్ కావచ్చు. సిలికోసిస్ ఉన్నోళ్ళకు టీబీ తొందరగా పట్టుకుంటుంది కూడా. కాబట్టి ఫిల్మ్ చూసి "టీబీ" అనేసినా, "పొగ తాగుతావు కదా, అంతే" అనేసినా ఒప్పుకోవద్దు. ఏం పని చేశావో, ఎన్నేళ్ళు చేశావో డాక్టరుకు చెప్పండి. చీటీ మీద రాయించండి. సిలికోసిస్ అని తేలితే నష్టపరిహారం ఇవ్వాల్సి వస్తుంది. టీబీ అని రాస్తే యజమానికి ఆ బాధ లేదు. సంగతి ఇక్కడ ఉంది.

తెమడలో రెండు పరీక్షలు

తెమడను, అంటే కళ్లెను, గాజు పలక మీద పూసి రంగు వేసి మైక్రోస్కోపులో చూడటం పాత పద్ధతి. కోచ్ అనే జర్మనీ డాక్టరు 1882లో టీబీ క్రిమిని కనిపెట్టిన నాటి నుంచీ ఉన్న దారి అదే. ఈ పరీక్షలో కనిపించాలంటే ఒక మిల్లీలీటరు తెమడలో 5 వేల నుంచి 10 వేల క్రిములు ఉండాలి. అంతకు తక్కువుంటే కంటికి ఆనవు. "నెగెటివ్" అని రాస్తారు. ఆ నెగెటివ్‌కు అర్థం "మాకు కనిపించలేదు" అని మాత్రమే. "నీకు జబ్బు లేదు" అని కాదు.

కొత్తది మిషను పరీక్ష. సీబీనాట్ అంటారు, ట్రూనాట్ అంటారు. మిల్లీలీటరుకు వందల్లో ఉన్న క్రిములను కూడా పట్టుకుంటుంది. రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా చెబుతుంది. తెమడ మిషనులో పెట్టాక రెండు మూడు గంటల్లో తేలిపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మరి మనోళ్ళను గాజు పలక దగ్గరే ఆపి "ఏం లేదు పో" అంటున్నారంటే ఎందుకు? మిషను పట్నంలో ఉంటుంది, మన తెమడ పట్నం దాకా పోదు. అది పంపించే పని వాళ్ళది. బస్సు చార్జీ పెట్టుకుని పోవాల్సిన ఖర్మ మనది కాదు.

మిషను కాగితంలో మొదటి లైను జబ్బు సంగతి, రెండో లైను మందు సంగతి. ఇది మీ వాడలో ప్రతి చదువుకున్న పిల్లకూ, పిల్లగాడికీ చెప్పండి. "ఇన్‌వాలిడ్" అనో "ఎర్రర్" అనో ఉంటే జబ్బు లేదని కాదు, పరీక్షే జరగలేదని. మళ్ళీ తెమడ ఇవ్వాలి.

ఏ పరీక్షయినా ఇచ్చేది ఉమ్మి అయితే లాభం లేదు. నోరు నీళ్ళతో పుక్కిలించి, రెండు మూడు సార్లు గుండెల నిండా గాలి పీల్చి, లోపలి నుంచి దగ్గి తెమడ తీయాలి. మనుషులకు దూరంగా ఆరుబయట తీయాలి. తెల్లవారి లేవగానే తీసింది మేలు. ఈ నాలుగు ముక్కలు చెప్పకుండా డబ్బా చేతిలో పెట్టి పోతే, ఆ నెగెటివ్‌కు బాధ్యత డబ్బా ఇచ్చినోళ్ళదే.

మెడలో గడ్డలకు, ఎముకకు, గర్భసంచికి వచ్చే టీబీ తెమడలో దొరకదు. దాని పరీక్షలు వేరు. చంటిపిల్లలకు తెమడే రాదు. వాళ్ళను "దగ్గు లేదు కదా" అని వదిలేయకుండా డాక్టరు చూడాలి.

చర్మం మీద సూది, నెత్తురు పరీక్ష

ముంజేతికి వేసే సూదిని మాంటూ అంటారు. 48 నుంచి 72 గంటల మధ్య వచ్చి చూపించుకోవాలి. కొలవాల్సింది ఎర్రదనం కాదు, గట్టిపడిన చోటు. మామూలుగా 10 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉంటే పాజిటివ్ అంటారు. పాజిటివ్ అంటే టీబీ జబ్బు వచ్చిందని కాదు, క్రిమి ఎప్పుడో ఒంట్లో చేరిందని. బీసీజీ టీకా వల్ల కూడా ఇది పాజిటివ్ రావచ్చు. ప్రపంచంలో నాలుగో వంతు మంది ఒంట్లో ఈ క్రిమి నిద్రపోతూ ఉందని అంచనా. వాళ్ళలో నూటికి 5 నుంచి 10 మందికే జీవితంలో ఎప్పుడో అది జబ్బుగా లేస్తుంది. ఇంకో సంగతి. తిండిలేక బక్కచిక్కిన మనిషికి, హెచ్ఐవీ ఉన్న మనిషికి, ఒంట్లో క్రిమి ఉన్నా సూది పొంగకపోవచ్చు.

ఇగ్రా అనే నెత్తురు పరీక్ష కూడా అంతే. క్రిమి చేరిందని చెబుతుంది, జబ్బయిందని చెప్పలేదు. పాజిటివ్ వస్తే ఎక్స్-రే, తెమడ చూడాలి. జబ్బు లేదని తేలితే రాకుండా ఆపే మందు ఉంది. ఇక నెత్తురులో యాంటీబాడీలు చూసి టీబీ ఉందనే పరీక్షలను 2012లో కేంద్ర ప్రభుత్వమే నిషేధించింది. అవి లేనోళ్ళకు ఉందని, ఉన్నోళ్ళకు లేదని చెప్పేవి. ఎవడైనా ఆ పరీక్ష పేరుతో డబ్బడిగితే మేకను అమ్ముకోకండి. వాడిని నిలదీయండి.

జబ్బు కులం చూడదంటారు

గాలి కులం చూడదు, నిజమే. కానీ ఇల్లు చూస్తుంది. కిటికీ లేని ఒక్క గదిలో ఏడుగురు పడుకునే ఇల్లు ఎవరిది? పొగపొయ్యి ఎవరిది? రాతిపొడి మింగే పని ఎవరిది? "తాగి తిరిగి తెచ్చుకున్నారు" అని తేల్చేసే పెద్దమనుషులు దీనికి జవాబు చెప్పాలి. తిండికీ టీబీకీ ఉన్న లంకె 2023లో జార్ఖండ్ అధ్యయనంలో తేలింది. టీబీ రోగి ఇంట్లోవాళ్ళకు నెలనెలా తిండి సరుకులిస్తే, వాళ్ళలో కొత్తగా టీబీ రావడం నూటికి 39 వంతులు తగ్గింది. రోగికి ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలిచ్చింది, 2024 నవంబరు నుంచి 1000 చేసింది. కూలి పోయిన ఇంటికి ఆ డబ్బు ఎన్నాళ్ళొస్తుంది? అదీ బ్యాంకు ఖాతాలో పడితేనే కదా.

మనల్ని మనం కూడా అడుక్కోవాలి. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి మీద కొట్లాడినోళ్ళం మనం. టీబీ అని తెలియగానే కోడలికి వేరే గ్లాసు పెట్టి పుట్టింటికి తోలేది కూడా మన ఇళ్ళలోనే. టీబీ గ్లాసుతో రాదు, కంచంతో రాదు. మందు మొదలుపెట్టని మనిషి దగ్గితే గాలిలో వస్తుంది. సరైన మందు పడితే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. మందు మాత్రం ఆరు నెలలు, డాక్టరు ఆపమనేదాకా మింగాలి. పరీక్ష ఫలితం దాచుకోవాల్సిన సిగ్గు కాదు. అట్లాగని క్యాంపులో పేరు పెట్టి అరిచి చెప్పే హక్కు కూడా ఎవరికీ లేదు.

మేము అడిగేవి

1. ఏ పరీక్ష చేశారో, ఏం తేలిందో తెలుగులో రాసి ఆ మనిషి చేతికే ఇవ్వాలి. నోటితో కూడా చెప్పాలి.

2. క్యాంపు వాడలో పెట్టాలి. కూలి నుంచి వచ్చాక సాయంత్రం పెట్టాలి. క్వారీకి, బట్టీకి ఎక్స్-రే మిషను పోవాలి.

3. గాజు పలక మీద నెగెటివ్ వచ్చినా దగ్గు తగ్గనోళ్ళ తెమడను మిషను పరీక్షకు వాళ్ళే పంపాలి.

4. ఇంట్లో ఒకరికి తేలితే అందరికీ పరీక్ష చేయాలి, అందరికీ తిండి సరుకులివ్వాలి.

5. పంచాయతీకి బొమ్మ ఇచ్చే ముందు ఎంతమందికి పరీక్ష చేశారు, అందులో వాడ నుంచి ఎంతమంది అన్న లెక్క గ్రామసభలో చదివి వినిపించాలి.

ఆ క్వారీ కూలి ఇప్పుడు మందు మింగుతున్నాడు. చిన్న కూతురికీ పరీక్ష చేయించాం. ఆ పదో తరగతి పిల్లగాడు ఇప్పుడు వాడలో ఎవరి కాగితం వచ్చినా రెండు లైన్లూ చదువుతున్నాడు. మొన్న గ్రామసభలో లేచి, "30 మందిలో మా వాడోళ్ళు ఎంతమంది సార్?" అని అడిగాడు. జవాబు రాలేదు. వచ్చే గ్రామసభలో వాడంతా పోయి అదే మాట అడుగుతుంది. మీ ఊళ్ళో మీరూ అడగండి.