గడప దాటి వచ్చినా గండం గడవని బిడ్డలు

సెలోపెహాదుకు కొడుకుల్లేరు, ఐదుగురూ కూతుళ్లే. తండ్రి అరణ్యంలో చనిపోయాడు. స్వాస్థ్యం కొడుకులకే అన్న ఆనాటి ఆచారం ప్రకారం వాళ్లకు దక్కేదేమీ లేదు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనే ఆ ఐదుగురూ ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గరికొచ్చి, మోషే, యాజకుడైన ఎలియాజరు, ప్రధానులు, సర్వసమాజం ఎదుట నిలబడి మాకూ వాటా కావాలని అడిగారు (సంఖ్యా. 27:1–11). నియమం ఒప్పుకోదని మోషే వాళ్లను వెనక్కి పంపేయలేదు. వాళ్ల వ్యాజ్యాన్ని దేవుని సన్నిధికి తీసుకెళ్లాడు. వాళ్లు అడిగింది న్యాయమేనన్నాడు దేవుడు. ఐదుగురు ఆడపిల్లల విన్నపంతో ఇశ్రాయేలులో కట్టడే మారింది.

మిరప కోతల కాలంలో మా ప్రత్తిపాడు చుట్టుపక్కల తెల్లవారకముందే ఆటోల్లో కూలికి వెళ్లే స్త్రీలను చూస్తుంటాం. వారిలో భర్త దెబ్బలు తాళలేక పిల్లల్ని వెంటబెట్టుకుని పుట్టింటికి చేరినవాళ్లూ ఉన్నారు. అలాంటి ఒక సోదరి ఆరాధన ముగిశాక మా దగ్గరికొచ్చి, “అయ్యగారండీ, ఆయన ఇల్లు వదిలొచ్చి నాలుగు నెలలైంది. కంప్యూటర్లో మాత్రం ఇంకా ఆయనింట్లోనే ఉన్నానంటండి” అంది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఆమె చెప్పింది నిజమే. మన రాష్ట్రంలో పథకాల అర్హతను మనిషిని బట్టి కాక కుటుంబాన్ని బట్టి తేలుస్తారు. ఇంట్లో కారుందా, నెలకు 300 యూనిట్లకు మించి కరెంటు కాలుతోందా, 3 ఎకరాల మాగాణి లేదా 10 ఎకరాల మెట్ట దాటి ఉందా అని చూస్తారు. సాయం పేదలకే అందాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఇల్లు విడిచి వచ్చిన స్త్రీకి భర్త కారు, భర్త మీటరు, భర్త పొలం అడ్డుపడుతున్నాయి. వాటిలో ఒక్క రూపాయీ ఆమెకు ముట్టదు.

ఒంటరి స్త్రీల పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలైంది. సంతోషం. అయితే 2019 డిసెంబరు నిబంధనలు భర్తను విడిచిన స్త్రీకి 35 ఏళ్లు నిండాలన్నాయి, ఏడాదికి పైగా విడిగా ఉన్నట్టు రుజువు కావాలన్నాయి. పాతికేళ్ల తల్లికి దెబ్బలు పదేళ్లు ఆగి తగులుతాయా? చేతిలో చిల్లిగవ్వ లేనిది ఆ మొదటి ఏడాదే కదా! పోనీ పుట్టింటి కార్డులో చేరదామంటే, ఇంటికి ఒకే పింఛనన్నది ఇంకో నియమం. తల్లికి వితంతు పింఛను వస్తుంటే కూతురికి రాదు. తల్లికి వందనం డబ్బుకు పిల్లలకు 75 శాతం హాజరుండాలి. రాత్రికి రాత్రి ఊరు మారిన పిల్లలకు హాజరెక్కడిది?

నిబంధనలు ఎత్తేయమని మేము అడగడం లేదు. గృహహింసకు గురైన స్త్రీకి వాటినుంచి మినహాయింపు ఇమ్మంటున్నాం. 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉన్న గృహహింస నిరోధక చట్టం ప్రకారం రక్షణాధికారి సంఘటన నివేదిక రాస్తారు. ఆ నివేదికగానీ, మేజిస్ట్రేటు ఉత్తర్వుగానీ ఉంటే ఆమెనూ పిల్లలనూ వేరే కుటుంబంగా లెక్కించాలి. వయసు, ఏడాది గడువు, హాజరు అడగకూడదు. విచారణ పేరుతో ఆమె ఉన్న చోటు భర్తకు తెలియనివ్వకూడదు.

దొంగ కాపురాలు, దొంగ విడిపోవడాలు మొదలవుతాయని కొందరి భయం. మేము అడిగేది నోటిమాట మీద కాదు, చట్టం గుర్తించిన కాగితం మీద. ఇది లోకంలో లేని కోరికా కాదు. అమెరికాలో 1996లో సంక్షేమ సాయానికి పని షరతులు, కాలపరిమితి పెట్టినప్పుడే, హింసకు గురైనవారికి వాటిని సడలించే వీలు రాష్ట్రాలకు కల్పించారు. బ్రిటన్‌లో 2012 నుంచి నిరుద్యోగ భృతి తీసుకునే బాధితులకు 13 వారాలపాటు పని వెతుక్కోవాలన్న షరతు లేకుండా చేశారు.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన సంఘాలనూ సరిచూసుకుందాం. 1869 నాటి విడాకుల చట్టం కింద, భర్త ఎంత కొట్టినా ఆ ఒక్క కారణంతో క్రైస్తవ స్త్రీకి విడాకులు దొరికేవి కావు. 2001లో గానీ అది మారలేదు. చట్టం మారినా మన నాలుక మారిందా? ప్రార్థన చేసుకో, సర్దుకుపో అని ఎందరిని తిరిగి ఆ ఇంటికే పంపలేదు? మలాకీ గ్రంథంలో పరిత్యాగాన్ని అసహ్యించుకున్న దేవుడు అదే వచనంలో బలాత్కారాన్నీ అసహ్యించుకున్నాడు (2:16). మొదటి సగం బోధించి రెండో సగం మింగేసిన పాపం మా పాస్టర్లది కూడా.

అలాంటి సోదరి వస్తే ముందు నమ్మండి. 181కి ఫోను చేయించండి. రక్షణాధికారి దగ్గరికి, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోటికి సంఘపెద్దలో, స్త్రీల సమాజం వాళ్లో తోడు వెళ్లండి. సెలోపెహాదు కూతుళ్లు ద్వారం దాకా తామే నడిచొచ్చారు. వాళ్ల మాటను లోపలికి మోసింది మోషే. మన గుడి ద్వారం దగ్గర నిలబడ్డ బిడ్డ మాటను మోయాల్సింది మనమే.