ఎవరూ వాడని తరంగాలు ఊరికిస్తే నష్టమేమిటి?

అచ్చంపేట (మా విలేఖరి):

నల్లమల అంచు గ్రామాలలో నేడు సిగ్నల్ లేదంటే ఫోను కలవలేదన్న మాట ఒక్కటే కాదు. రేషను బియ్యానికి వేలిముద్ర కావాలి, వేలిముద్రకు నెట్ కావాలి. పింఛనుకూ అంతే, బ్యాంకు మిత్ర వద్ద వంద రూపాయలు తీసుకోవాలన్నా అంతే. ఉపాధి పనుల్లో కూలీల హాజరును పని చోటనే రోజుకు రెండుసార్లు ఫొటో తీసి సెల్‌ఫోను యాప్‌లోకి ఎక్కించాలన్న నిబంధనను 2023 జనవరి నుంచి తప్పనిసరి చేసిన సంగతి విదితమే. ఫొటో ఎక్కకపోతే మట్టి తవ్విన మనిషి కూలి చిక్కులో పడినట్లే. డీలరు యంత్రాన్ని గుట్ట మీదకు మోసుకుపోవడం, వెనకనే ముసలీ ముతకా వేలు పట్టుకుని ఎక్కడం ఏజెన్సీ మండలాల్లో పాతబడిన వార్త. పేదవాడి తిండికీ కూలికీ సిగ్నల్‌ను ముడిపెట్టినవారు ఆ సిగ్నల్ ఊరికి చేరే దారి మాత్రం ముందు చూడకపోవడం శోచనీయం.

సర్కారు చేతులు ముడుచుకుని కూర్చున్నదని అనడానికి లేదు. పంచాయతీలకు ఫైబర్ తీగ వేసే పథకం 2011లోనే మొదలైంది. దానికే తరువాత భారత్‌నెట్ అని పేరు పెట్టారు. 2023 ఆగస్టులో ఆ పథకానికి మరో లక్షా 39 వేల కోట్ల రూపాయల పైచిలుకు మంజూరు చేశారు. టవర్లు లేని 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వడానికని 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం 26,316 కోట్లు కేటాయించింది. మన రాష్ట్రంలో మిషన్ భగీరథ గొట్టాల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టం కూడా వేశారు. అయితే తీగ వచ్చేది పంచాయతీ ఆఫీసు గోడ దాకా. అక్కడి నుంచి తండాకు, పెంటకు, గూడేనికి మూడు నాలుగు కిలోమీటర్లు. మధ్యలో అడవి. తవ్వాలంటే అటవీ శాఖ అనుమతి, తవ్విన చోట రోడ్డు వెడల్పు చేసేవారి పొక్లెయిన్. టవర్ వేద్దామంటే కంపెనీ వారు ఇళ్లు లెక్కపెడతారు. నలభై ఇళ్ల పెంటలో నెలకు వచ్చే రాబడి టవరు కరెంటు బిల్లుకు కూడా చాలదు. వ్యాపారి లెక్క అది, తప్పు పట్టి ప్రయోజనం లేదు.

ఈ మూడు నాలుగు కిలోమీటర్ల చిక్కుకు ఒక మార్గం మన నెత్తిమీదనే, గాలిలోనే ఉన్నదని శాస్త్రజ్ఞులు పదేళ్లకు పైగా చెబుతున్నారు. అది కంటికి కనబడేది కాదు గనుక మన గ్రామసభల్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.

శిఖం భూమి లాంటిదే

రేడియో, టీవీ, సెల్‌ఫోను, పోలీసు వైర్‌లెస్ అన్నీ గాలిలో తరంగాల మీద నడుస్తాయి. ఒకరి మాట ఒకరికి అడ్డు రాకుండా సర్కారు ఆ తరంగాలను మడులుగా విడగొట్టి, ఈ మడి ఫలానా వారిదని రాసి ఇస్తుంది. దీన్నే స్పెక్ట్రం అంటారు. భూమి మాదిరే ఇందులోనూ నేల గుణం ఉంది. పొట్టి తరంగాలు ఎక్కువ సరుకు మోస్తాయి గాని దూరం పోవు, గోడ అడ్డం వస్తే చతికిలబడతాయి. పొడుగు తరంగాలు తక్కువ మోసినా దూరం పోతాయి, చెట్లనూ ఇంటి గోడలనూ చాలా వరకు దాటుకుని పోతాయి. వైఫై ఇంటి వాకిలి దాటగానే పలచబడుతుంది. ఇంటి కప్పు మీద చేపముల్లు యాంటెన్నా కట్టుకుని ఎక్కడో దూరాన ఉన్న దూరదర్శన్ స్తంభం నుంచి బొమ్మ రాబట్టుకున్న రోజులు నడివయసు వారందరికీ గుర్తే. పల్లెలకు పనికివచ్చేది ఆ టీవీ తరంగం లాంటిదే.

ఆ టీవీ తరంగాలే నేడు ఖాళీగా ఉన్నాయి. మన దేశంలో నేల మీది స్తంభాల నుంచి టీవీ ప్రసారం చేసే హక్కు దూరదర్శన్‌కు ఒక్కదానికే ఉండేది. స్తంభాలు సుమారు 1,400. కేబుల్, డిష్ వచ్చిన తరువాత వాటిని చూసేవారు తగ్గిపోయారు. 2022 మార్చి నాటికి సరిహద్దుల వంటి ముఖ్యమైన చోట్ల కొన్ని తప్ప పాత రకం ప్రసార స్తంభాలను మూసివేసే పని పూర్తి చేయాలని ప్రసారభారతి నిర్ణయించింది. దానికి ముందే, 2014లో, బొంబాయి ఐఐటీ పరిశోధకులు దేశమంతటి లెక్క తీశారు. 470 నుంచి 590 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న 15 టీవీ మడుల్లో కనీసం 12 దాదాపు ఏ ఊరిలో చూసినా ఖాళీగానే ఉన్నాయని తేలింది. అమెరికాలోనో ఇంగ్లండులోనో టీవీ స్టేషన్లు వందలుగా ఉండి, వాటి సందుల్లో ఖాళీ జాగా వెతుక్కోవలసి వచ్చింది. మనకు సందు కాదు, మైదానమే ఉంది.

ఇతరుల తరంగాన్ని వాడుకోవడమంటే ఆక్రమించడం కాదు. మన చెరువుల కింద శిఖం భూములు ఉన్నాయి. నీళ్లు నిండినప్పుడు అది చెరువు, నీళ్లు తగ్గినప్పుడు రైతు పుచ్చకాయో శనగో వేసుకుంటాడు. మళ్లీ నీరు వస్తే పంట ఉన్నా లేకపోయినా తప్పుకోవలసిందే. మొదటి హక్కు చెరువుది. తరంగాల వాటా కూడా ఈ పద్ధతిలోనే నడుస్తుంది. ఊళ్లో పెట్టిన యంత్రం, తాను ఫలానా చోట ఉన్నానని చెప్పి, ఇక్కడ ఏ మడి ఖాళీగా ఉందని ఒక పెద్ద చిట్టాను అడుగుతుంది. చిట్టా ఖాళీ అన్న మడిలోనే మాట్లాడుతుంది. అసలు హక్కుదారు వస్తున్నాడని చిట్టాలో పడగానే నోరు మూసుకుంటుంది. పట్వారీ పహాణీ చూసినట్లే గాని, ఇక్కడ చేయి తడపవలసిన పని లేదు.

కాగితం మీది ఊహ కాదిది. మహారాష్ట్రలో ముంబయికి ఉత్తరాన పాల్ఘర్ ప్రాంతంలో ఖామ్లోలీ అనే ఊళ్లో బొంబాయి ఐఐటీ వారు స్తంభం పెట్టి, ఆ చుట్టుపక్కల కలిపి ఏడు గ్రామాలకు టీవీ తరంగం మీద నెట్ పంపించారు. స్తంభం నుంచి ఊరి దాకా టీవీ తరంగం, ఊళ్లో అందరికీ మామూలు వైఫై. అదీ మన పెంటల మాదిరి చెట్లూ మిట్టలూ ఉన్న ప్రాంతమే. దక్షిణాఫ్రికాలో 2013లో కేప్‌టౌన్ దగ్గర పది పాఠశాలలకు ఇదే విధంగా ఇచ్చి, టీవీ బొమ్మకు అంతరాయం కలగలేదని చూపించారు. 2018లో అక్కడ దీనికి నిబంధనలు కూడా వచ్చాయి. కెన్యాలో నాన్యుకి పట్టణం పరిసరాల్లో 2013లోనే సౌరవిద్యుత్తుతో నడిచే స్తంభాలు పెట్టారు. కరెంటు లేని చోట నెట్ ఎట్లా అన్నవారికి ఇది జవాబు.

మెక్సికో గ్రామసభ

అన్నిటికంటే మన గ్రామస్తులు చెవిన వేసుకోదగినది మెక్సికో దేశపు సంగతి. ఒహాకా రాష్ట్రంలో కొండల నడుమ తలేయా అనే ఆదివాసుల ఊరుంది. జనాభా రెండున్నర వేలు. టవర్ వేయమని పెద్ద కంపెనీలను అడిగితే ఐదు వేల జనాభా లేని ఊరు గిట్టదన్నారు. ఆ ఊరి వారు అర్జీలు పెట్టి ఊరుకోలేదు. గ్రామసభలో తీర్మానం చేసుకుని, సాంకేతికం తెలిసిన స్వచ్ఛంద కార్యకర్తల సాయంతో 2013లో సొంత సెల్‌ఫోను కేంద్రం పెట్టుకున్నారు. ఆ కొండల్లో ఏ కంపెనీ వాడకుండా వదిలేసిన తరంగమే వారికి ఆధారం. మనిషికి నెలకు అక్కడి లెక్కలో స్వల్పమైన రుసుము. ఊళ్లో ఊళ్లో మాట్లాడుకోవడం అందులోనే.

చూసి చుట్టుపక్కల ఊళ్లు కూడా మొదలుపెట్టాయి. అక్కడి సర్కారు కేసులు పెట్టలేదు. 2014లో ప్రయోగానికి అనుమతి ఇచ్చి, 2016లో ఆ ఊళ్ల సంఘానికి ఒహాకాతో సహా ఐదు రాష్ట్రాల్లో 15 ఏళ్లకు హక్కు రాసి ఇచ్చింది. వేలం పాడకుండానే. లాభం కోసం కాదు, ఆదివాసి సమాజం కోసం అన్నది షరతు.

ధర చెప్పి బీడు పెట్టారు

ఇక మన దేశంలో జరిగింది చూడండి. 2016 అక్టోబరు వేలంలో 700 మెగాహెర్ట్జ్ తరంగాలకు దేశమంతటికీ కలిపి మెగాహెర్ట్జ్ ఒక్కింటికి 11,485 కోట్ల రూపాయల ధర కట్టారు. పల్లెలకు బాగా పనికివచ్చే పొడుగు తరంగాలివే. పాట పాడినవాడు లేడు. 2021 మార్చిలో ధర 6,568 కోట్లకు దించారు. అప్పుడూ లేడు. 2022లో 3,927 కోట్లకు దిగిన తరువాత జియో కంపెనీ కొన్నది. మొదట చెప్పిన ధరలో మూడో వంతుకు. మధ్యలో దాదాపు ఆరేళ్లు ఆ తరంగం ఎవరికీ కాకుండా పోయింది. ధాన్యం అయితే గోదాములో పెట్టి ధర వచ్చినప్పుడు అమ్ముకోవచ్చు. తరంగం నిలవ ఉండేది కాదు, నిన్న వాడకుండా వదిలినది నేడు తిరిగి రాదు. అదే 2022 వేలంలో పెట్టిన 600 మెగాహెర్ట్జ్‌కు ఒక్క పాట కూడా పడలేదు. 2024 జూన్‌లో సుమారు 96 వేల కోట్ల విలువైన తరంగాలను వేలానికి పెడితే అమ్ముడుపోయినది 11,340 కోట్లది. మిగిలినవన్నీ పల్లెకు పనికివస్తాయని చెప్పడం సరికాదు, వాటిలో పట్నం వీధులకు మాత్రమే సరిపడే పొట్టి తరంగాలే ఎక్కువ. ఏమైనా, ధర పలకని సరుకును తలుపు వేసి ఉంచడం వల్ల ఖజానాకు కూడా పైసా రాలేదన్నది గమనార్హం.

కంపెనీలు కొన్న తరంగాల సంగతి వేరే ఉంది. ఒక సర్కిల్‌కు హక్కు కొన్నవాడికి ఆ సర్కిల్ అంతటా హక్కు ఉంటుంది. పట్నంలో వాడుకుంటాడు, రహదారి వెంట వాడుకుంటాడు. లోతట్టు పెంట మీది గాలి కూడా పట్టా ప్రకారం అతనిదే. అక్కడ తాను దున్నడు, ఇంకొకరిని దున్ననివ్వడు.

కంపెనీల వాదనలో న్యాయం లేకపోలేదు. లక్షల కోట్లు పోసి కొన్నాం, పక్కవాడికి ఉచితంగా ఇస్తే మా గతేమిటని వారు అడుగుతున్నారు. హైదరాబాదు నడిబొడ్డున అట్లా ఇస్తే ఆ మాట నిజమే. టవరే వేయని చోట వారికి పోయే గిరాకీ ఏముంది? వారు ఎప్పుడు వచ్చినా తప్పుకోవాలన్న షరతు ఉండనే ఉంది. మరొక మాట. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు 2005లో లైసెన్సు తీసివేశారు. ఇరవై ఏళ్లుగా దేశంలో ప్రతి ఇంట్లో, కిరాణా దుకాణంలో ఆ తరంగం శిస్తు లేకుండా నడుస్తోంది. దానివల్ల ఏ కంపెనీ దివాలా తీయలేదు.

ఈ పద్ధతికి లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఒక్క టీవీ మడి మీద పోయే సరుకు పరిమితం. ఊరంతా ఒకేసారి సినిమాలు చూడాలంటే కుదరదు. వేలిముద్ర, హాజరు, పిల్లల పాఠం, డాక్టరుతో మాట వరకు సరిపోతుంది. యంత్రాలు కొనేవారు తక్కువ కాబట్టి ధర ఎక్కువ, ధర ఎక్కువ కాబట్టి కొనేవారు తక్కువ. సర్కారు పెద్ద మొత్తంలో కొంటే తప్ప ఈ ముడి విడదు. ఎర్ర బల్బు వెలిగితే చూసేవాడు ఊళ్లోనే ఉండాలి. పిడుగు పడి బ్యాటరీ కాలితే హైదరాబాదు నుంచి మనిషి వచ్చేదాకా ఆగితే పాత కథే అవుతుంది. బోరు మోటారు బాగుచేసే కుర్రాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు, వారికి నెల రోజులు నేర్పితే ఇది బ్రహ్మవిద్య ఏమీ కాదు.

చట్టంలో దారి

గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. 2012 ఫిబ్రవరిలో 122 టెలికాం లైసెన్సులను రద్దు చేసిన తరువాత, తరంగాలను వేలం వేయక తప్పదన్న భయం అధికారుల్లో పాతుకుపోయింది. అయితే అదే ఏడాది సెప్టెంబరులో రాష్ట్రపతి అడిగిన ప్రశ్నకు జవాబిస్తూ, సహజ వనరులన్నిటికీ వేలం ఒక్కటే మార్గం కాదనీ, ప్రజల మేలు కోసం వేరే పద్ధతి ఎంచుకోవచ్చుననీ సుప్రీంకోర్టే స్పష్టం చేసింది. ఈ రెండో మాటను గుర్తు చేసేవారు అరుదు.

2023 డిసెంబరులో వచ్చిన కొత్త టెలికాం చట్టం 7వ సెక్షన్ ఇంకా ముందుకు పోయింది. ఒకరికి ఇచ్చిన తరంగాన్ని, వారికి అంతరాయం కలగకుండా, రెండో వారికి కూడా ఇచ్చే అధికారం కేంద్రానికి దాని ద్వారా వచ్చింది. తగిన కారణం లేకుండా వాడకుండా ఉంచితే వెనక్కి తీసుకునే అధికారం కూడా అందులోనే ఉంది. మన శిఖం పద్ధతి ఇంగ్లీషు చట్టంలోకి ఎక్కినట్లే. ఆ రెండో హక్కు ఎవరికి దక్కాలన్నదే ఇక తేలవలసినది. మరో పెద్ద కంపెనీకే దక్కితే పెంటకు ఒరిగేది శూన్యం. పంచాయతీకి, మహిళా సమాఖ్యకు, ఐటీడీఏకు, చిన్న కేబుల్ ఆపరేటరుకు దక్కేటట్లు, రుసుము నామమాత్రంగా ఉండేటట్లు నిబంధన ఉంటేనే ప్రయోజనం.

తరంగాలు కేంద్రం చేతిలోనివి. ఎమ్మెల్యేకు, కలెక్టరుకు అర్జీలిచ్చి తిరిగితే చెప్పులరుగుతాయి తప్ప పని కాదు. గ్రామసభ తీర్మానం పార్లమెంటు సభ్యుని ద్వారా ఢిల్లీలోని టెలికాం శాఖకు పోవాలి. తీర్మానంలో ఊళ్లో సిగ్నల్ లేదని ఒక్క ముక్క రాస్తే, టవర్ పరిశీలనలో ఉన్నదని ఒక్క ముక్క జవాబు వస్తుంది. మా మండలం మీద ఏయే తరంగం ఎవరి పేర ఉంది, అందులో వాడుతున్నది ఎంత, వాడనిది 7వ సెక్షన్ కింద మా పంచాయతీకి ఎందుకు ఇవ్వరు అని అడగాలి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో ఈ ప్రశ్నలే ఏ గ్రామస్తుడైనా నేరుగా కూడా అడగవచ్చు. తెలుగులో రాస్తే ఢిల్లీ ఆఫీసు తిప్పి పంపే ప్రమాదముంది కనుక ఇంగ్లీషులోనో హిందీలోనో రాయించడం మేలు.