వాతావరణ నిధులు: ఒకే సొమ్ముకు రెండు లెక్కలు

వాతావరణ మార్పుల దుష్ఫలితాలను తట్టుకునేందుకు వర్ధమాన దేశాలకు అందే నిధులను 2035 నాటికి కనీసం మూడు రెట్లు చేసేందుకు కృషి జరగాలని, 2025 నవంబరులో బ్రెజిల్‌లోని బెలేం నగరంలో జరిగిన 30వ వాతావరణ సదస్సు పిలుపునిచ్చింది. వార్తలకు శీర్షికగా ఈ మాట చక్కగా అమరింది. అయితే ఏ సంవత్సరపు మొత్తానికి మూడు రెట్లు అన్న విషయాన్ని తుది పత్రం స్పష్టంగా చెప్పలేదు. ఒక రెట్టు ఎంతో తేలకుండానే మూడు రెట్ల గురించి మాట్లాడుకోవలసి రావడం ఈ చర్చల్లో కొత్త కాదు. ఇచ్చామంటున్న సొమ్ము ఎంత, అందిన సొమ్ము ఎంత అన్న ప్రశ్నకు అన్ని పక్షాలూ ఒప్పుకునే జవాబు ఇంతవరకు లేదు.

ఈ వివాదానికి మూలం 2009 నాటి కోపెన్‌హాగెన్ సదస్సులో ఉంది. 2020 నాటికి ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని సంపన్న దేశాలు అక్కడ మాట ఇచ్చాయి. ఆ దేశాల తరఫున లెక్కలు కట్టే ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ ప్రకారం 2020లో అందినది 8,330 కోట్ల డాలర్లు. గడువు దాటిన రెండేళ్లకు, 2022లో, ఆ మొత్తం 11,590 కోట్ల డాలర్లకు చేరింది. అంటే ఆలస్యంగానైనా మాట నిలిచినట్టే. అయితే అదే 2022 సంవత్సరానికి ఆక్స్‌ఫామ్ సంస్థ వేసిన అంచనా చూస్తే, ఆ సహాయం అసలు విలువ 2,800 నుంచి 3,500 కోట్ల డాలర్లకు మించదు. ఇరుపక్షాలూ చూస్తున్నది ఒకే సొమ్ము. ఒకరి లెక్కలో అది మరొకరి లెక్కకు మూడింతలకు పైగా ఉంది.

భారతదేశం ఈ ప్రశ్నను చాలా ముందే లేవనెత్తింది. 2015లో ప్యారిస్ సదస్సుకు కొన్ని వారాల ముందు, 2013, 2014 సంవత్సరాల్లో సగటున ఏటా 5,700 కోట్ల డాలర్లు అందాయని ఆ సంస్థ ప్రకటించింది. మన ఆర్థిక మంత్రిత్వ శాఖ దీనిపై ఒక చర్చాపత్రం వెలువరించింది. వాతావరణ మార్పుల కోసమే ఏర్పడిన ప్రత్యేక నిధుల నుంచి నిజంగా విడుదలైన సొమ్మును మాత్రమే లెక్కిస్తే, అది దాదాపు 220 కోట్ల డాలర్లని ఆ పత్రం తేల్చింది. ఇంత కఠినమైన కొలత సబబా అని అప్పట్లో కొందరు ప్రశ్నించారు. ఆ పత్రం విలువ దాని అంకెలో కంటే అది అడిగిన ప్రశ్నలో ఉంది. దేన్ని వాతావరణ సహాయం అనాలో ముందుగా నిర్వచించాలన్నదే ఆ ప్రశ్న.

రెండు లెక్కలు ఇంత దూరం జరగడానికి కారణాలు సాంకేతికంగా కనిపించినా, అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. మొదటిది అప్పు. 2022లో ప్రభుత్వాల ద్వారా, బహుపాక్షిక బ్యాంకుల ద్వారా వచ్చిన నిధుల్లో 69 శాతం రుణాలే. గ్రాంట్లు 28 శాతం. అధికారిక లెక్కలో రుణాన్ని పూర్తి మొత్తంగా రాస్తారు. వడ్డీతో సహా అది తిరిగి వెళ్లవలసిన సొమ్మన్న సంగతి ఆ అంకెలో కనిపించదు. మన ఊళ్లలో బంధువు చేబదులుగా ఇచ్చిన డబ్బును చదివింపుల పుస్తకంలో రాసుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. సంపన్న దేశాల వాదనలోనూ కొంత న్యాయం లేకపోలేదు. సౌర విద్యుత్ కేంద్రాల వంటి ఆదాయం వచ్చే పథకాలకు చౌక వడ్డీ రుణం కూడా సహాయమేనని అవి అంటాయి. కానీ తుపాను ఆశ్రయ భవనం నుంచి, కరకట్ట నుంచి ఏ ఆదాయమూ రాదు. వాటిని అప్పుతో కట్టుకునే దేశం రెండుసార్లు నష్టపోతుంది.

రెండో కారణం ఇంకా సూక్ష్మమైనది. ఒక పథకం ఉద్దేశాల్లో వాతావరణ పరిరక్షణ ప్రధానమైనదా, లేక ఇతర ఉద్దేశాలతో పాటు అదీ ఒకటా అని దాతలే గుర్తు పెడతారు. తీరప్రాంతంలో వంద కోట్లతో రోడ్డు వేస్తూ, వరదనీరు పోయేందుకు నాలుగు తూములు అదనంగా కట్టారనుకుందాం. ఆ వంద కోట్లలో ఎంత భాగం వాతావరణ సహాయం? ఒక దేశం 40 శాతం అంటుంది, మరొకటి సగం అంటుంది. మొత్తం సొమ్మునూ రాసుకునే దేశం కూడా ఉంది.

రాయిటర్స్ వార్తాసంస్థ 2023 జూన్‌లో ప్రచురించిన పరిశోధనాత్మక కథనం ఈ స్వేచ్ఛ ఎంతదూరం వెళ్లిందో చూపింది. ఆసియాలో చాకొలెట్, ఐస్‌క్రీం దుకాణాల విస్తరణకు ఇటలీ ఇచ్చిన మద్దతు, హైతీలో ఒక హోటల్ విస్తరణకు అమెరికా ఇచ్చిన రుణం, అర్జెంటీనా వర్షారణ్యం నేపథ్యంగా సాగే ప్రేమకథా చిత్రానికి బెల్జియం చేసిన సాయం, ఇవన్నీ వాతావరణ నిధుల ఖాతాలో చేరాయి. మన పొరుగున ఉన్న ఉదాహరణ మరింత కలవరపెడుతుంది. బంగ్లాదేశ్‌లో కాక్స్ బజార్ జిల్లా మాతర్‌బారి వద్ద నిర్మించిన బొగ్గు విద్యుత్ కేంద్రానికి ఇచ్చిన 240 కోట్ల డాలర్ల రుణాన్ని జపాన్ ఇదే పద్దు కింద చూపింది. పాత కేంద్రాలకంటే అది తక్కువ బొగ్గు మండిస్తుందన్నది జపాన్ సమర్థన. సముద్రమట్టం పెరిగితే ముందుగా మునిగే దేశాల్లో ఒకటి బంగ్లాదేశ్. ఆ తీరాన నిలిచిన బొగ్గు కేంద్రం, ఆ దేశానికి అందిన వాతావరణ సహాయంగా నమోదైంది. ఈ దేశాలేవీ నిబంధనలను ఉల్లంఘించలేదు. ఉల్లంఘించడానికి ఉమ్మడి నిర్వచనమంటూ ఒకటి ఉంటే కదా.

ప్యారిస్ ఒప్పందంలోని 13వ అధికరణం పారదర్శకతకు ఉద్దేశించినది. దాని అమలుకు సవివర నియమాలను 2018లో పోలండ్‌లోని కటోవిట్సేలో ఖరారు చేశారు. వాటి ప్రకారం దేశాలు రెండేళ్లకోసారి పారదర్శకత నివేదిక సమర్పించాలి. తొలి గడువు 2024 డిసెంబరు 31. ఏ వాయువును ఎలా లెక్కించాలి, ఏ పట్టికలో చూపాలి అన్న విషయంలో నియమాలు బిగువుగా ఉన్నాయి. నిధుల దగ్గరకు వచ్చేసరికి, ఎలా లెక్కించారో దాతలు వివరిస్తే చాలు. పొగకు తూకపురాయి ఒకటే ఉంది, డబ్బుకు మాత్రం ఎవరి రాయి వారిదే. వర్ధమాన దేశాల ఫిర్యాదు అంతా ఈ ఒక్క తేడాపైనే.

ఇతరులను లెక్క అడిగేవారు తమ పుస్తకాన్నీ తెరచి ఉంచాలి. భారత్ తన నాలుగో ద్వైవార్షిక నివేదికను 2024 డిసెంబరు 30న ఐక్యరాజ్యసమితికి అందజేసింది. అడవులు, భూవినియోగం మినహా 2020లో దేశ ఉద్గారాలు 295.9 కోట్ల టన్నులు. అడవులు పీల్చుకున్నది తీసివేస్తే 243.7 కోట్ల టన్నులు. స్థూల దేశీయోత్పత్తితో పోల్చిన ఉద్గారాల తీవ్రత 2005 నుంచి 2020 మధ్య 36 శాతం తగ్గింది. గర్వించదగిన ఫలితమే. 2019తో పోలిస్తే ఉద్గారాలు 7.93 శాతం తగ్గాయన్న వాక్యాన్ని మాత్రం జాగ్రత్తగా చదవాలి. 2020 లాక్‌డౌన్ సంవత్సరం. పైగా 2020 లెక్క బయటకు రావడానికి నాలుగేళ్లు పట్టింది. విధానాలు ఏటా మారుతున్నప్పుడు నాలుగేళ్ల నాటి అద్దంలో ముఖం చూసుకోవడం సరిపోదు.

మరోవైపు, సమాచారాన్ని అందరికీ అందుబాటులో ఉంచడంలో దశాబ్దాలపాటు ముందున్న అమెరికాలో ఇప్పుడు తలుపులు మూసుకుంటున్నాయి. 2025 మే నెలలో అక్కడి సముద్ర, వాతావరణ సంస్థ వంద కోట్ల డాలర్లకు మించి నష్టం కలిగించిన విపత్తుల పట్టికను నవీకరించడం నిలిపివేసింది. అది 1980 నుంచి నష్టాలను నమోదు చేసిన పట్టిక. దాదాపు 8 వేల కర్మాగారాలు, కేంద్రాలు తమ ఉద్గారాలను ఏటా వెల్లడించే కార్యక్రమాన్ని చాలావరకు రద్దు చేయాలని పర్యావరణ పరిరక్షణ సంస్థ అదే ఏడాది సెప్టెంబరులో ప్రతిపాదించింది. ఒప్పందం నుంచి వైదొలగిన దేశం ఎప్పుడైనా తిరిగి చేరవచ్చు. కొలవకుండా వదిలేసిన సంవత్సరాలను మాత్రం తర్వాత కొలవలేం.

లెక్కను బహిరంగంగా ఉంచడం సాధ్యమేననడానికి హరిత వాతావరణ నిధి ఒక ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, ఒడిశా తీరప్రాంత ప్రజల కోసం 4.34 కోట్ల డాలర్ల గ్రాంటును ఆ నిధి 2018లో మంజూరు చేసింది. మడ అడవుల పునరుద్ధరణ, పీతల పెంపకం వంటి జీవనోపాధి పనులు అందులో ఉన్నాయి. పథకం పత్రాలను ఎవరైనా ఇంటర్నెట్‌లో చదువుకోవచ్చు. అయితే అవి ఆంగ్లంలో ఉన్నాయి. ఎవరి ఊరి మడ అడవి గురించి రాశారో, ఆ ఊరి మత్స్యకారుడికి ఆ పత్రం తెరచి ఉన్నా మూసి ఉన్నా ఒకటే.

దేశీయ నిధుల విషయంలోనూ ఇదే లోటు. జాతీయ అనుసరణ నిధి కింద 30 పథకాలకు 847.48 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. మహబూబ్‌నగర్ జిల్లా రైతు కుటుంబాల పథకం, ఆంధ్రప్రదేశ్ తీర, మెట్ట ప్రాంతాల పాడి రంగానికి ఉద్దేశించిన పథకం వాటిలో ఉన్నాయి. మంజూరైన మొత్తం పార్లమెంటు సమాధానాల్లో దొరుకుతుంది. ఆ సొమ్ముతో ఏ మండలంలో ఏ మార్పు వచ్చిందన్నది సామాన్య పాఠకుడు అంత సులువుగా తెలుసుకోలేడు. ఖర్చును చూపినంత శ్రద్ధగా ఫలితాన్నీ చూపితే, అంతర్జాతీయ వేదికలపై మన వాదనకు మరింత బలం చేకూరుతుంది.

2024 నవంబరులో బాకూ సదస్సు, 2035 నాటికి ఏటా 30 వేల కోట్ల డాలర్ల కొత్త లక్ష్యాన్ని ఆమోదించింది. వర్ధమాన దేశాలు కోరినది 1.3 లక్షల కోట్ల డాలర్లు. భారత ప్రతినిధి చాందినీ రైనా ఆ పత్రాన్ని దృష్టిభ్రమగా అభివర్ణించి, వ్యతిరేకించారు. ఆ లక్ష్యంలో ప్రభుత్వ నిధులు, ప్రైవేటు పెట్టుబడులు, బహుపాక్షిక బ్యాంకుల రుణాలు అన్నీ కలిసే ఉన్నాయి. ఏది ఎంతో విడదీసి చెప్పే బాధ్యత దేశాల పారదర్శకత నివేదికలదే. రెండో విడత నివేదికలకు గడువు 2026 డిసెంబరు 31. అవి వచ్చినప్పుడు మొదటి పేజీలోని మొత్తాన్ని దాటి, గ్రాంటు ఎంత, రుణం ఎంత అని చెప్పే పట్టికల దాకా వెళ్లి చూడవలసి ఉంటుంది.