లిమిటెడ్ ఎడిషన్ మహిమ

పోయిన నెల మా బావమరిది ఫోన్ చేశాడు. "బావగారూ, రిటైర్మెంటు డబ్బులో 18 లక్షలు తీసి ఓ కారు కొందామనుకుంటున్నా, మీరేమంటారు?" అని. తిరగడానికి కాదట, దాచడానికట! కంపెనీ ఏదో వార్షికోత్సవం పేరుతో కొన్ని వందల బళ్లే చేస్తోందనీ, లోపల నంబరు చెక్కిన బిళ్ల ఉంటుందనీ, పదేళ్లకు రెట్టింపు ఖాయమని షోరూం కుర్రాడు చెప్పాడనీ వివరించాడు.

నేను అడిగింది ఒక్కటే. ఆ రెట్టింపు ఎవరిస్తారు?

ఇది కొత్త ముచ్చటేం కాదు. 1978లో అమెరికాలో షెవ్రొలే వారి కార్వెట్‌కు 25 ఏళ్లు నిండాయి. ఆ ఏడే ఇండియానాపొలిస్ 500 పందేనికి దాన్ని పేస్ కారుగా, అంటే పందెం మొదట్లో అందరికంటే ముందు నడిచే బండిగా, ఎంచుకున్నారు. ఆ గుర్తుగా నలుపు, వెండి రంగుల్లో ప్రత్యేకమైన బళ్లు చేశారు. మొదట కొద్దిగానే చేద్దామనుకుని, డీలరుకొకటైనా ఇవ్వాలి కదా అని చివరికి 6,502 చేశారు. వాల్ స్ట్రీట్ జర్నల్ మొదటి పేజీలో వార్త వచ్చేసరికి జనం ఎగబడ్డారు. 13,653 డాలర్ల బండికి రెట్టింపు చెప్పినా వెనకాడని వాళ్లున్నారు. కొన్నవాళ్లలో చాలామంది నడపకుండా, సీట్ల మీది ప్లాస్టిక్ కూడా తీయకుండా షెడ్లలో దాచారు. అందరూ దాచాక ఇక అది అరుదెలా అవుతుంది? ధరల పెరుగుదల లెక్కేస్తే నాటి 13,653 డాలర్లు ఇప్పటి 60 వేల పైమాటే. మామూలుగా బాగున్న బళ్లకు అందులో సగం కూడా రాదు. షెడ్డు ఖర్చూ, ఇన్సూరెన్సూ నేను కలపలేదు.

కాడిలాక్ కథ ఇంకా బాగుంటుంది. 1976 ఎల్‌డొరాడో, అమెరికాలో ఇక చివరి కన్వర్టిబుల్ అని ప్రచారమైంది. ఆఖరి 200 బళ్లను దేశానికి 200 ఏళ్లు నిండిన గుర్తుగా తెల్లరంగులో చేశారు. కొన్నవాళ్లు మురిసిపోయారు. 1984 మోడల్లో అదే కంపెనీ కన్వర్టిబుల్‌ను మళ్లీ తెచ్చింది! మురిసినవాళ్లు కోర్టుకెక్కినా ఫలితం లేకపోయింది. "ఇదే చివరిది" అనే మాట కంపెనీ చేతిలో ఉన్నంతకాలం మన చేతిలో ఉన్నది రేకు డబ్బానే.

మన దేశంలో ఇంకో రకం ముచ్చట. 2021 డిసెంబరులో మహీంద్రావారు గురువాయూరు గుడికి సమర్పించిన థార్‌ను దేవస్వం వేలం వేస్తే 15 లక్షల 10 వేలు పలికింది. గొడవై, 2022 జూన్‌లో మళ్లీ వేలం వేస్తే 43 లక్షలు! ఆర్నెల్లలో ఇంజనేమీ మారలేదు. మారింది పాట పాడినవాళ్లే. (దేవుడి లెక్క ప్రకారం ఏది సరైన ధరో భక్తులే చెప్పాలి.)

"మరి లాభపడ్డవాళ్లు లేరా?" అన్నాడు మావాడు. ఉన్నారు. మొక్కు తీరినవాళ్లే గుడి దగ్గర కనిపిస్తారు, తీరనివాళ్లు ఇంట్లో ఉంటారు. ఈ షెడ్లలోనూ అంతే.

ఒకమాట ఒప్పుకోవాలి. బండి మీద ప్రేమతో కొనేవాళ్లతో నాకు పేచీ లేదు, అది వాళ్ల సరదా, సరదాకు వడ్డీ అడగరు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ తాళాలిచ్చిన మొదటి మారుతి 800 ఇప్పుడు కంపెనీ కార్యాలయంలో ప్రదర్శనలో ఉంది. దాన్ని కొన్నాయన ప్లాస్టిక్ కప్పి దాచలేదు, ఏళ్ల తరబడి నడుపుకున్నాడు. ఆయన పోయాక అది తుప్పు పట్టి వీధిలో నిలబడింది కూడా.

మావాడి లెక్కలో ఇంకో చిక్కుంది. 2021 నిబంధనల ప్రకారం మన దగ్గర బండి వింటేజ్ అనిపించుకోవాలంటే 50 ఏళ్లు దాటాలి. మావాడికిప్పుడు 60.

ఇంకా అడ్వాన్సు కట్టలేదు. 9 నంబరు దొరుకుతుందేమోనని ఆగాడట. నిమ్మకాయలు మాత్రం అవసరం లేదని చెప్పాను, తొక్కించడానికైనా బండి రోడ్డెక్కాలి కదా.