కార్ నికోబార్ సేంద్రియ ముద్ర: ‘జన్యుమార్పిడి’ అంటే ఇప్పుడు ఏది?

కార్ నికోబార్, నాన్‌కౌరీ దీవుల్లోని 14,491 హెక్టార్లకు 2021లో కేంద్రం సేంద్రియ ధ్రువీకరణ ఇచ్చింది. ‘లార్జ్ ఏరియా సర్టిఫికేషన్’ కింద దేశంలో ఆ ముద్ర పొందిన మొదటి ప్రాంతం అదే. రసాయనాలు వాడిన పొలం సేంద్రియం అనిపించుకోవాలంటే మామూలుగా రెండు మూడేళ్లు ఆగాలి. తరతరాలుగా ఎరువు బస్తా ఎరగని ఈ నేలకు ఆ నిరీక్షణ అక్కర్లేకపోయింది. అక్కడ రసాయనాలతో పాటు జన్యుమార్పిడి విత్తనాలనూ పాలనా యంత్రాంగం నిషేధించిందని కేంద్ర వ్యవసాయ శాఖ అప్పట్లోనే ప్రకటించింది.

ఆ నిషేధం ఎవరికీ భారం కాలేదు. దేశంలో వాణిజ్య సాగులో ఉన్న జన్యుమార్పిడి పంట బీటీ పత్తి ఒక్కటే. కొబ్బరి తోటల దీవికి పత్తితో పనేముంది?

చిక్కు ఆ తర్వాత వచ్చింది. బయటి జన్యువు లేని ‘జన్యు సవరణ’ మొక్కలకు 2022 మార్చిలో కేంద్రం జీవభద్రత నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. 2025 మేలో అలాంటి రెండు వరి రకాలను ప్రకటించింది. రెండింటి మూలమూ తెలుగు నేలే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ రూపొందించిన డీఆర్ఆర్ ధాన్ 100కు బాపట్ల సాంబ మసూరి ఆధారం. పూసా డీఎస్‌టీ రైస్ 1కు మార్టేరు కాటన్‌దొర సన్నాలు ఆధారం. ఈ రెండోది ఉప్పు నేలలను తట్టుకుంటుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఆ లెక్కలు సరిగా లేవని జీఎం వ్యతిరేక సంఘాలు వాదిస్తున్నాయి. 2004 సునామీకి ఉప్పునీరు ముంచిన పొలాలున్న అండమాన్‌లో ఇలాంటి విత్తనానికి గిరాకీ ఉండదని అనుకోలేం.

మరి అది నిషేధిత విత్తనమా? కేంద్రం చూపులో నియంత్రణ అక్కర్లేనిది. సేంద్రియ బియ్యం అడిగి కొనేవారిలో చాలామంది చూపులో అదీ ల్యాబ్‌లో మార్చిన విత్తనమే. ప్రకృతిలో వచ్చిన మార్పో, మనుషులు చేసిందో పరీక్షతో తేల్చడం కష్టం. నికోబార్‌కు వర్తించిన పీజీఎస్ పద్ధతి నడిచేదే ఒకరి పొలాన్ని మరొకరు తనిఖీ చేసుకోవడం మీద. ఎరువు వాసన పక్క రైతుకు తెలుస్తుంది. విత్తనంలోని ఒక్క జన్యువు మార్పు ఆయనకు కంటికి కనపడదు. కనపడాలంటే విత్తన సంచి మీద ఆ మాట ముద్రించి ఉండాలి, రసీదు దాచి ఉండాలి.

నికోబార్ కొబ్బరికి ఇవాళ దీనితో ఇబ్బంది లేదు. వరి పండే డిగ్లిపూర్‌కు గానీ, సేంద్రియ సాంబ మసూరి అమ్ముకునే తెలుగు రైతుకు గానీ ‘జన్యు సవరణ’ విత్తనం వాడొచ్చా లేదా అన్నది ప్రమాణాల పత్రంలో స్పష్టంగా రాసి ఉండాలి. అది కూడా ఆ విత్తనం పొలానికి చేరక ముందే.