కూడలిలో కళాదృష్టి

మానవజీవితంలో ప్రణాళికకు ఎంత స్థానమున్నదో యాదృచ్ఛికతకూ అంత స్థానమున్నది. అనుకోకుండా ఎదురైన మనిషి, కంటబడిన వస్తువు, చెవిన సోకిన మాట ఒక్కొక్కప్పుడు జీవితగమనాన్నే మార్చివేస్తాయి. అయితే అటువంటి సంఘటనలను అదృష్టమని పొగిడి ఊరుకోవడం సమంజసం కాదు. యాదృచ్ఛికత అందరి ఎదుటా నిలుస్తుంది. సాధనతో పదునెక్కిన చూపు మాత్రమే దానిని గుర్తించి పనిగా మలచుకొంటుంది. స్వతంత్రంగా జీవించదలచిన డిజైనరుకు ఈ సత్యం మరింత అవసరం. సంస్థలో పనిచేసేవారికి ఏమి చేయాలో పైవారు చెబుతారు. స్వతంత్రునికి ఆ సౌకర్యం లేదు. తన దారిని తానే వెదకుకోవాలి.

ఆ వెదకులాటకు మహానగరమే కావాలనుకోవడం పొరపాటు. కృష్ణా జిల్లాలోని హనుమాన్ జంక్షన్‌నే తీసుకొనవచ్చు. చెన్నై, కోల్‌కతా నగరాలను కలిపే జాతీయ రహదారిపై విజయవాడకు, ఏలూరుకు నడుమనున్న కూడలి అది. ఒక దారి నూజివీడుకు, మరొక దారి గుడివాడకు చీలుతాయి. వేసవి వచ్చిందంటే నూజివీడు తోటల బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయలు బండ్లకెక్కి ఆ దారిన సాగిపోతాయి. లారీల వెనుక రంగురంగుల అక్షరాలు, దుకాణాల బోర్డులు, బస్సుకై వేచియున్న స్త్రీల చీరల అంచులు అక్కడ నిత్యం కనిపించేవే. వేలాదిమంది వాటిని చూస్తూ దాటిపోతారు. గంపలోని మామిడి పిందె వంపు, ఎదురుగా ఉన్న చీర అంచులోని వంపు ఒకటేనని గమనించేవారు అరుదు. ఆ గమనింపుతోనే రూపకల్పన మొదలవుతుంది.

నిజానికి ఆ వంపుకు సుదీర్ఘమైన చరిత్ర ఉన్నది. ఇరాన్ ప్రజలు దానిని పొదగా భావించి ‘బోతె’ అన్నారు. కాశ్మీరు శాలువాల ద్వారా అది ఐరోపాకు చేరింది. స్కాట్లాండులోని పెయిజ్లీ పట్టణంలో అటువంటి శాలువాలు విస్తారంగా నేసినందున అక్కడ ఆ ఊరిపేరే దానికి స్థిరపడింది. తెలుగువారు మాత్రం దానిలో తమ తోటలోని మామిడి పిందెను చూచారు. గుడివాడ దాటి వెళితే వచ్చే పెడనలో కలంకారీ కళాకారులు చెక్క అచ్చులతో నేటికీ దానిని వస్త్రాలపై అద్దుతున్నారు. రూపం ఒకటే, ఎవరి పరిసరాలు వారి కంటికి కొత్త అర్థాన్ని చెప్పాయి. కనుక సొంత నేలను ఎరుగని డిజైనరుకు అనుకోని కలయికలు ఎన్ని ఎదురైనా వ్యర్థమే.

తెలుగునాట ఇందుకు చక్కని నిదర్శనం బాపు. మద్రాసులోని పాఠశాలలో ఆయనకు ముళ్లపూడి వెంకటరమణ సహాధ్యాయి కావడం యాదృచ్ఛికమే. రమణ తొలికథ 1945లో ‘బాల’ పత్రికలో వెలువడింది. బాపు చిన్ననాటి బొమ్మలకూ ఆ పత్రికే చోటిచ్చింది. 1955లో న్యాయశాస్త్రపట్టా పొందిన బాపు న్యాయవాద వృత్తిని కాక బొమ్మల దారినే ఎంచుకొన్నారు. స్నేహం అనుకోకుండా లభించి ఉండవచ్చు. గీత మాత్రం దశాబ్దాల పరిశ్రమతో లభించింది. ఆయన చేతివ్రాత కంప్యూటరు అక్షరాలుగా మారి నేడు శుభలేఖలపైనా దర్శనమిస్తున్నది.

పాశ్చాత్యదేశాలలోనూ ఇదే కనిపిస్తుంది. స్విట్జర్లాండు ఇంజనీరు జార్జ్ ద మెస్ట్రాల్ 1941లో నడకకు వెళ్లివచ్చి, తన బట్టలకు, కుక్క బొచ్చుకు అంటుకొన్న ముళ్లకాయలను సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. వాటి కొసలలోని సన్నని కొక్కేలే వెల్‌క్రో పట్టీకి మూలమయ్యాయి. పేటెంటు 1955లో గాని లభించలేదు. పొలం గట్లపై నడిచిన ప్రతివారికీ ముళ్లకాయలు అంటుకొంటాయి. చాలామంది వాటిని విసుగుతో దులిపివేస్తారు.

యాదృచ్ఛికతను నమ్ముకొంటే కడుపు నిండుతుందా అని పెద్దలు ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. స్వతంత్రవృత్తిలో నెలజీతం లేదు. ఒప్పుకొన్న పనిని గడువులోగా ముగించాలి, శ్రమకు తగిన వెల కట్టడం నేర్వాలి. కాని దీనిని కారణంగా చూపి, ఇంజనీరింగు, వైద్యం తప్ప వేరు దారి లేదని పిల్లల చూపును మూసివేయడం కూడా అన్యాయమే. పనిచేస్తూ పరిసరాలను గమనించడం వేరు, పనిమాని అదృష్టంకోసం ఎదురుచూడడం వేరు.

తొందరపాటు మరొక ప్రమాదం. కాయను కోయగానే తినలేము. వరిగడ్డిలో మగ్గబెట్టి ఓపికపట్టాలి. ఆలోచనా అంతే. చట్టం నిషేధించిన కార్బైడుతో మగ్గించిన కాయకు రంగు వస్తుంది గాని రుచి రాదు. ఇతరుల నమూనాలను ఇంటర్నెట్ నుండి తీసి తనవిగా చూపే డిజైనరు పనికీ అదే గతి పడుతుంది. అతనికి దిశ ఎన్నటికీ దొరకదు.

కావున కళారంగంలో అడుగిడదలచిన విద్యార్థులు చేతిలో ఒక చిన్న పుస్తకం, చూపులో కుతూహలం ఉంచుకోవాలి. కంటబడినదానిని గీయాలి, ఎందుకు ఆకర్షించిందో రాయాలి, తీరికగా మరల చూడాలి. కూడలి ఎన్నో దారులను చూపుతుంది. నడక మాత్రం బాటసారిదే.