ఒంటరిగా చిక్కిన పిల్ల



మన మాడపిల్లలకు నేర్పు జాగ్రత్తలలో పెక్కు "పోవలదు" అను మాటతోనే ముగియును. పొలిమేర దాటవలదు, ప్రొద్దుక్రుంకిన పిదప వెలికి పోవలదు అందుము. పోయి చిక్కుకొన్నచో నేమి చేయవలయునో మాత్రము చెప్పము. ఈ లోపమును గూర్చి యోచించుటకు 1888వ సంవత్సరమున అమెరికాలో జరిగిన యొక సంగతి మిక్కిలి యుపకరించును.

ఆ దేశపు నడిమిభాగమున ప్రెయిరీ యను గడ్డిబయళ్లు కలవు. ఆదివాసులు సంచరించిన యీ భూములను, 1862 నాటి చట్టము ననుసరించి, ప్రభుత్వము క్రొత్తగా వచ్చి కాపురముండి సేద్యము చేయువారికి 160 ఎకరముల వంతున పంచిపెట్టెను. కనుచూపు మేర గడ్డియే గాని చెట్టు కానరాదు. ఇల్లొకచోట, బడి యింకొకచోట. పిల్లలు బయలున బడి నడచియే చదువునకు పోవలసియుండెను.

1888 జనవరి 12వ తేదీ యుదయము ఆ ఋతువునకు తగని వెచ్చదనముతో నుండెను. తల్లులు సంతసించి, బరువైన కోటులు తొడుగకయే పిల్లలను బడికంపిరి. పగటివేళ ఉత్తరదిక్కునుండి పెనుగాలి విరుచుకొనిపడెను. దానితో వచ్చినది మంచురేకులు కాదు, పిండివలె మెత్తని మంచుపొడి. చాచిన చేయి కంటి కానకపోయెను. నెబ్రాస్కా, డకోటా, మినెసోటా ప్రాంతములలో మరణించినవారు 235 మంది యని యంచనా. వారిలో బడిపిల్లలు పలువురుండుటచే దీనికి "పిల్లల తుఫాను" అను పేరు నిలిచెను.

నెబ్రాస్కాలో లేనా వోబెకె యను పదునొకండేండ్ల జర్మను బాలిక యుండెను. ఆమె కన్నతల్లికి దూరముగా నొక రైతుకుటుంబమునందు పెరుగుచుండెను. బడినుండి యింటికి మరలుచు దారితప్పి, ఆ రాత్రియంతయు బయలునందే మంచులో గడపెను. మరునాడు ప్రాణముతో దొరకెను. కాని చలికి చచ్చుబడిన కాలిని వైద్యులు తీసివేయక తప్పలేదు. ఒమాహా నగరపు వార్తాపత్రిక యొకటి ఆమె నిమిత్తమును, ఆ తుఫానులో ధైర్యము చూపిన ఉపాధ్యాయినుల నిమిత్తమును చందాలు సేకరించెను.

ఆ యుపాధ్యాయినులలో ఎట్టా షాటక్ అను యువతి దారితప్పి, చేతికి దగిలిన గడ్డివామిలో దూరి 78 గంటలు బ్రతికియుండెను. కాళ్లు కోల్పోయి, తరువాతి నెలలో మరణించెను. మినీ ఫ్రీమన్ అను మరియొకతె, బడికప్పు గాలి కెగిరిపోగా, పిల్లలనందరిని చెదరనీయక సుమారు అరమైలు దూరముననున్న యింటికి చేర్చి కాపాడెను. గాలికి చాటు వెదకుట, జట్టు విడువకుండుట అను నీ రెండును ఆనాడు ప్రాణమునకు విలువ చేసినవి.

మనకు మంచుతుఫాను లేకపోవచ్చును. గగనము మనలనును హెచ్చరింపకయే మోసగించును. గోపన్‌పల్లినే చూడుడు. ఒకప్పుడు రాతిగుండ్లు, పొదలు, తండాగల యీ బయలు నేడు ఎత్తైన మేడలతో నిండుచున్నది. అయినను మేడకు మేడకు నడుమ తెఱపి యున్నది. పిల్లలు బస్సు దిగి నడచునది ఆ తెఱపిలోనే. వేసవి చివర పిడుగులవాన వచ్చును. 2020 అక్టోబరున హైదరాబాదులో కురిసిన పెనువానకు వీధులే వాగులైన సంగతి మనమెరుగుదుము.

కావున పిల్లలకు ఈ మాటలు వల్లెవేయింపుడు. ఉరుము వినబడగానే పక్కాయింటిలోనో, తలుపులు మూసిన కారులోనో చేరవలెను. ఒంటిచెట్టు క్రింద, గుండుపైన నిలువరాదు. చివరి యురుము వినబడిన పిదప అరగంట గడువనిదే వెలికి రారాదు. రోడ్డుపై పారు నీరు మోకాలిలోతే యైనను దిగరాదు. అడుగున మూతలేని మురుగుగుంట యుండవచ్చును. దారి తప్పినచో తిరిగి తిరిగి యలయక, దీపము, జనము గల యంగడికడ నిలువవలెను. అమ్మ ఫోను సంఖ్య, 112, 1098 అను సంఖ్యలు నోటికి రావలెను. ఫోనులో దాచిన సంఖ్య ఫోను పోయినప్పుడు పనికిరాదు.

ఇక లేనా కథలో మన మనస్సును కలతపెట్టునది వేరొకటి కలదు. ఆమె పరుల పంచన నున్న పిల్ల. మన మేడలలో పసిబిడ్డ నాడించుటకని దూరపు పల్లెలనుండి తేబడిన బాలికలు లేరా? పదునాలుగేండ్లు నిండని పిల్లను ఇంటిపనికి పెట్టుకొనుట 2006 అక్టోబరు 10వ తేదీనుండియే నిషిద్ధము. 2016 నాటి సవరణ ఆ నిషేధమును ఇంచుమించు అన్ని పనులకును విస్తరింపజేసెను. ఆ పిల్ల పాలకొరకు వెడలి వానలో చిక్కి మరలి రానిచో, గొడుగు పట్టుకొని వెదకబోవువారెవరు? ఆమె యూరిపేరు, తల్లిపేరు మేడలో నెందరికి తెలియును?

ధైర్యము పిల్లకు పుట్టుకతో రావచ్చును. ఉపాయము మనము నేర్పవలెను. అయినను ఎంత నేర్చిన పిల్లయైనను వెదకువారు వచ్చువరకే నిలువగలదు. కావున ఈ వానకాలము రాకమునుపే మీ పిల్లకు పై మాటలు చెప్పుడు. మీ పొరుగింట పనిచేయు పసిపిల్ల కంటబడినచో, చూచియు చూడనట్లుండక 1098కి తెలుపుడు. ఆమెయు నొక తల్లి కన్నబిడ్డయే కదా!